అతిథులు వెళ్లిపోయాక

అక్టోబరు 20 దాటిందంటే స్కాట్లండ్ కొండల్లోని వేట ఎస్టేట్లలో సందడి తగ్గిపోతుంది. కొమ్ముల దుప్పిని కాల్చి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఫొటో దిగి, రాత్రికి లాడ్జిలో విస్కీ తాగిన అతిథులు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. మర్నాడు అసలు పని మొదలవుతుంది. అక్టోబరు 21 నుంచి ఫిబ్రవరి 15 దాకా పెంటి దుప్పులను కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఈ పనికి డబ్బిచ్చి వచ్చేవాళ్లు తక్కువ. ఎక్కువ భాగం ఎస్టేటు జీతగాళ్లే వానలో, గాలిలో, మంచులో చేసుకోవాలి. ఎస్టేటుకు పేరూ డబ్బూ తెచ్చేది పోతుల వేటే. కానీ కొండ మీద మంద ఎంత ఉండాలో, ఎంత ఆరోగ్యంగా ఉండాలో, వచ్చే ఏళ్లలో ఎన్ని పోతులు పెరిగి పెద్దవవుతాయో తేలేది ఎవరూ చూడని ఈ నాలుగు నెలల్లోనే.

ముందు ఆ జంతువు సంగతి. ఎర్రదుప్పి మన నల్లమలలో తిరిగే కణుజుకు దగ్గరి చుట్టం. ఒళ్లంతా అడవిలో బతకడానికి తగ్గట్టు ఉంటుంది. యూరప్ అడవుల్లో ఉన్న దాని జాతివాళ్లు భారీగా పెరుగుతారు. స్కాట్లండ్‌లో మాత్రం వేల ఏళ్లుగా చెట్లు తరిగిపోతూ వచ్చాయి కాబట్టి అది బోడి కొండల మీదే బతకడం నేర్చుకుంది. గాలివానకు అడ్డు లేదు, మేత నాసిరకం. అందుకే ఆ కొండల దుప్పి ఒళ్లు చిన్నది. 19వ శతాబ్దంలో కొండల మీది రైతులను ఖాళీ చేయించి గొర్రెలను తోలారు. గొర్రెల్లో లాభం తగ్గాక అదే నేలను దుప్పుల వేటకు అప్పగించారు. విక్టోరియా రాణి కుటుంబం 1852లో బాల్మోరల్ కొనుక్కున్నాక కొండల్లో వేట లాడ్జి ఉండటం ధనవంతులకు హోదా అయిపోయింది. ఆ ఖాళీ కొండల అందాన్ని పొగిడే పుస్తకాల్లో, అవి ఎలా ఖాళీ అయ్యాయన్న మాట తరచూ ఉండదు.

తోడేళ్లు అంతకుముందే, 17, 18 శతాబ్దాల్లోనే అంతరించాయి. పెద్ద దుప్పిని చంపగల మృగమేదీ ఆ దేశంలో ఇప్పుడు లేదు. మిగిలినవి రెండే: తుపాకీ, చలికాలం. ఈ రెంటిలో ఏది ముందు చేరుతుందన్నదే ఎస్టేటులో దుప్పుల వేట నడిపించే స్టాకర్‌కు ఉండే దిగులు.

డిసెంబరు చివర బ్రేమార్ దగ్గర పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు కనపడడు, మధ్యాహ్నం మూడున్నరకల్లా దిగిపోతాడు. ఆరున్నర గంటల పైచిలుకు పగలు. ఆ కొండూరు 1895 ఫిబ్రవరి 11న, మళ్లీ 1982 జనవరి 10న, మైనస్ 27.2 డిగ్రీలు చూసింది. బ్రిటన్‌లో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత అదే. శిఖరం మీద కాకుండా లోయలో ఉన్న ఊళ్లో ఇది నమోదవడం వింతగా తోచవచ్చు. గాలి లేని నిర్మలమైన రాత్రి, మంచు కప్పిన నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలకు తగిలిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. తెల్లవారి కొండెక్కేవాడికి రెండు మూడు వందల మీటర్లు పైకి పోయేసరికి ఒంటికి కాస్త వెచ్చగా అనిపించేది అందుకే.

దుప్పులకు ఈ పొడి చలి అంత ప్రమాదం కాదు. వాటి చలికాలపు బొచ్చులో బయట బోలు వెంట్రుకలు, లోపల మెత్తటి ఉన్ని. రెంటి మధ్యా గాలి నిలుస్తుంది. ఆ గాలే దుప్పటి. వర్షం పడి, ఆ వెంటే ఈదురుగాలి వీస్తే దుప్పటి తడిసి పనికిరాకుండా పోతుంది. స్కాట్లండ్ పడమటి కొండల్లో సున్నాకు పైన రెండు మూడు డిగ్రీల్లో వారాల తరబడి కురిసే వాన, మైనస్ పదిలో మెరిసే పొడి మంచుకన్నా ఎక్కువ దుప్పులను తింటుంది.

చలికాలాన్ని ఆ జంతువు ఎదుర్కొనే తీరులో అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది దాని లోపల ఉంది. 1970 నుంచి స్కాట్లండ్‌లోని గ్లెన్‌సాక్‌లో ఎర్రదుప్పులను పశువుల్లా పెంచి చూసిన శాస్త్రవేత్తలకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. కడుపు నిండా మేత ముందు పెట్టినా చలికాలంలో దుప్పి తినడం తగ్గించేస్తుంది. మేత దొరక్క తినకపోవడం కాదు, ఆకలే తగ్గిపోతుంది. పగటి పొడవు తగ్గినకొద్దీ మెదడులో మెలటోనిన్ ఊరే కాలం పెరుగుతుంది. ఆ సంకేతాన్ని బట్టి శరీరం తన ఏడాది లెక్క సవరించుకుంటుంది. ఆస్ట్రియాలో వాల్టర్ ఆర్నాల్డ్ బృందం దుప్పుల ఒంట్లో చిన్న యంత్రాలు అమర్చి ఇంకో సంగతి పట్టుకుంది. 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం చలి రాత్రుల్లో దుప్పి గుండె నెమ్మదిస్తుంది, కాళ్లకూ చర్మానికీ పోయే రక్తం తగ్గిపోతుంది, రొమ్ము దగ్గర చర్మం కింద ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాకా పడిపోగలదు. శీతనిద్రలోకి పోయే చిన్న జంతువులకే ఈ విద్య ఉందని అంతవరకూ అనుకునేవారు. అంత పెద్ద నెమరువేసే జంతువు, నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండగానే, రాత్రికి రాత్రి తన ఖర్చు తగ్గించుకుంటోందన్నమాట.

దీన్నుంచి స్టాకర్‌కు ఉపయోగపడే పాఠం ఒకటుంది. ఫిబ్రవరిలో దుప్పిని బెదరగొట్టి పరుగెత్తించడం దానికి చేసే పెద్ద కీడు. పొదుపు చేసుకుంటున్న జంతువును ఒక్కసారిగా కొండెక్కిస్తే, కూడబెట్టిన కొవ్వు ఆ పరుగులో కరిగిపోతుంది. అందుకే మంచి స్టాకర్ ఒకే లోయలోకి రోజూ వెళ్లడు. ఒకచోట పని ముగించి, ఆ మందను కొన్నాళ్లు వదిలేస్తాడు. మేత పెట్టడంలోనూ అంతే. గట్టి చలిలో జాలిపడి ధాన్యం గుమ్మరిస్తే అది దుప్పికి విషమే కావచ్చు. దాని మొదటి పొట్టలో ఉండేది గడ్డి, హెదర్ అనే కొండ పొద కొమ్మల నారను విడగొట్టే సూక్ష్మజీవుల సమూహం. ఒక్కరోజులో పిండిపదార్థం వచ్చి పడితే ఆమ్లం పుట్టించే బాక్టీరియా విజృంభిస్తుంది, పొట్ట పులిసిపోతుంది, జంతువు చావవచ్చు. మేత పెట్టే ఎస్టేట్లు శరదృతువులోనే కొంచెం కొంచెం మొదలుపెట్టి, వసంతం దాకా ఆపకుండా నడుపుతాయి. ఇష్టమైనప్పుడు పెట్టి ఇష్టమైనప్పుడు మానేసే దానం అక్కడ కుదరదు.

ఇక వేట. నవంబరు మధ్యలో ఒక పొద్దున. స్టాకర్ లోయ అడుగున ఆగి, రాతికి ఆనుకుని దూరదర్శినితో ఎదురు వాలును అంగుళం అంగుళం వెతుకుతాడు. గాలి ఎటు వీస్తోందో తెలియకుండా అడుగు వేయడు. దుప్పికి మనిషి కనపడితే అనుమానపడుతుంది, వాసన వస్తే మాత్రం క్షణం నిలవదు. గాలికి ఎదురుగా పోవాలన్న సూత్రం చెప్పడానికి తేలికే. కోరీ అని పిలిచే గిన్నెలాంటి కొండ లోయల్లో గాలి గోడకు తగిలి తిరిగి వస్తుంది, సుడి తిరుగుతుంది. శిఖరం మీద పడమటి గాలి వీస్తుంటే కోరీ లోపల అదే గాలి తూర్పు నుంచి వీస్తున్నట్టు ఉండొచ్చు. ఒక్కో కోరీ ఏ గాలికి ఎలా ప్రవర్తిస్తుందో ఏళ్ల తరబడి అక్కడ తిరిగినవాడికే తెలుస్తుంది. గెస్టుతో పోతుల కోసం వెళ్లినప్పుడు తప్పిన మలుపులన్నీ పెంటి దుప్పుల కాలంలో అక్కరకొస్తాయి.

మందలో ఏది కాల్చాలన్నదే కష్టం. ఆ ఏడాది పిల్లను ఈనని పెంటిని అక్కడివాళ్లు యెల్డ్ అంటారు. పాలిచ్చే పని లేదు కాబట్టి అది ఒళ్లు చేసి, బొచ్చు నున్నగా, బొద్దుగా ఉంటుంది. మాంసం అమ్ముకునేవాడి కన్ను దాని మీదే పడుతుంది. కానీ వచ్చే జూన్‌లో మంచి పిల్లను ఈనేది కూడా అదే. మంద బాగుండాలనుకునేవాడు ముసలిదాన్నీ, బక్కచిక్కినదాన్నీ, ఎలాగూ మార్చి దాటని బలహీనపు పిల్లలనూ ముందు తీసేస్తాడు. తల్లిని కాలిస్తే వెంట ఉన్న పిల్లనూ వదలకూడదన్నది నియమం. కఠినంగా వినిపించినా దానికి ఆధారముంది. తల్లి పోయిన పిల్లల్లో, ముఖ్యంగా మగవాటిలో, బతికి బట్టకట్టేవి తగ్గిపోతాయని దీర్ఘకాల పరిశీలనల్లో తేలింది.

కాల్చాక అక్కడికక్కడే కడుపు చీల్చి పేగులు తీసేస్తారు. ఈ పనిని గ్రాలక్ అంటారు. ఆలస్యమైతే మాంసం చెడుతుంది. స్టాకర్ ఒట్టి కసాయి పనిలా దీన్ని చేయడు, చేతికి తగిలినదల్లా చదువుతాడు. శోషగ్రంథులు ఉబ్బాయేమో చూస్తాడు, క్షయ లక్షణాలుంటే ఆ మాంసం మార్కెట్‌కు పోదు. మూత్రపిండాల చుట్టూ తెల్లటి కొవ్వు దట్టంగా ఉంటే ఆ కొండ దుప్పికి తిండి పెడుతోందని అర్థం. జంతువు ఒంట్లోని కొవ్వును ఒక వరసలో ఖర్చు పెడుతుంది. ముందు చర్మం కింది కొవ్వు, తర్వాత మూత్రపిండాల చుట్టూ ఉన్నది, అన్నిటికన్నా చివర ఎముక మూలగలోది. మార్చిలో చచ్చి పడిన దుప్పి తొడ ఎముక విరిచి చూస్తే, తెల్లగా గట్టిగా ఉండాల్సిన మూలగ ఎర్రటి జిగురులా ఉంటుంది. అది ఆకలి చావు. వేరే పరీక్ష అక్కర్లేదు.

కొండ కింద మాంసాన్ని వేలాడదీసే గదిని లార్డర్ అంటారు. అక్కడ దింపాక బరువు రాస్తారు, కింది దవడ ఎముకను కోసి చీటీ కట్టి పక్కన పెడతారు. దంతాల అరుగుదల చూసి వయసు ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. కచ్చితంగా కావాలంటే దవడపంటిని నిలువునా కోసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. పంటి వేరుకు అంటుకున్న సిమెంటు పొర వేసవిలో ఒకలా, చలికాలంలో ఇంకోలా పేరుకుంటుంది. చెట్టు మానులో వలయాల్లా ఏడాదికొక గీత పడుతుంది. స్కాట్లండ్ దుప్పుల్లో ఈ పద్ధతిని బ్రయాన్ మిచెల్ 1963లో చూపించాడు. పెట్టెడు దవడ ఎముకలు, ఒక బరువుల పుస్తకం ఉంటే చాలు, ఆ ఎస్టేటులో పదేళ్లుగా చలికాలాలు ఎలా గడిచాయో చెప్పేయవచ్చు.

ఎన్ని కాల్చాలి? ఒక ఉదాహరణ వేసుకుందాం. కొండ మీద 300 పెంటి దుప్పులున్నాయి. మేత నాసిరకం కాబట్టి చాలావి ఏడాది విడిచి ఏడాది ఈనుతాయి. నూటికి 35 పిల్లల చొప్పున బతికితే 105. అందులో సగం, అంటే యాభై పైచిలుకు ఆడవి. చలికి, ముసలితనానికి పది పెద్దవి పోతాయనుకుందాం. మంద పెరగకుండా ఉండాలంటే నలభైకి తక్కువ కాకుండా కాల్చాలి. ఆ నలభై ఎన్నిరోజుల్లో? వాన, పొగమంచు, తుపాను పోగా మిగిలే రోజుల్లో. ఒక్క ఏడాది ఇరవైతో సరిపెట్టుకుంటే మిగిలిన ఇరవై వచ్చే ఏడాది పిల్లలతో సహా కనపడతాయి.

మంద పెరిగితే నష్టమేమిటి, పోతులూ పెరుగుతాయి కదా అని భూస్వాములు చాలాకాలం అనుకున్నారు. దీనికి సమాధానం రమ్ అనే దీవిలో దొరికింది. స్కాట్లండ్ పడమటి తీరంలో ఉన్న ఆ దీవిలో 1953 నుంచీ దుప్పులను గమనిస్తున్నారు. టిమ్ క్లటన్-బ్రాక్, ఫియోనా గిన్నెస్ లాంటివాళ్లు అక్కడ ఒక్కో దుప్పినీ ముఖం చూసి గుర్తుపట్టి, పుట్టుక నుంచి చావు దాకా రాసిపెట్టారు. 1970ల మొదట్లో దీవి ఉత్తర భాగంలో కాల్పులు పూర్తిగా ఆపేసి ఏం జరుగుతుందో చూశారు. పెంటి దుప్పులు పెరిగాయి. పోతులు మాత్రం పెరగలేదు, తగ్గుముఖం పట్టాయి. పెంటి దుప్పులు మంచి పచ్చికను పొట్టిగా కొరికేస్తాయి. పెద్ద ఒళ్లున్న పోతు ఆ పొట్టి గడ్డితో కడుపు నింపుకోలేదు, పక్కకు తప్పుకుంటుంది. మగపిల్లలు ఆడపిల్లలకన్నా ఎక్కువ తిండి కోరతాయి, కరువు చలికాలంలో ముందుగా చచ్చేవి అవే. మంద పలచగా ఉన్నప్పుడు బలమైన తల్లులు మగపిల్లలను ఎక్కువగా ఈనడం కనిపించింది, మంద చిక్కబడ్డాక ఆ తేడా కూడా మాయమైంది. కొమ్ముల పోతులు కావాలనుకునేవాడు పెంటి దుప్పులను కాల్చాలి. ఈ మాట అరిగిపోయేదాకా చెప్పినా నమ్మని ఎస్టేటు యజమానులు ఉన్నారంటే, గోడ మీది కొమ్ముల లెక్క అంత బలమైనదన్నమాట.

దుప్పులతో చలికాలం అయిపోదు. హెదర్ పొదలు కప్పిన, మూర్ అని పిలిచే కొండ బీళ్లలో గ్రౌస్ పిట్ట ఉంటుంది. మన కౌజుల కుటుంబానిదే, చలికాలమంతా హెదర్ చివుళ్లు తిని బతుకుతుంది. ఆ చివుళ్లను నూరడానికి దాని కందనకాయకు గట్టి రాతి నలుసులు కావాలి, మంచులో అవి దొరకవు. వేట కోసం ఆ పిట్టలను సాకే గేమ్‌కీపర్లు పెట్టెల్లో నలుసులు పోసి మూర్ మీద అక్కడక్కడా పెడతారు. ఆ నలుసులకు పురుగు మందు పూత ఉంటుంది.

మందు ఎందుకంటే పాత కథ. కొన్నేళ్లకోసారి గ్రౌస్ ఉన్నట్టుండి గుట్టలుగా చచ్చేవి. దీని అంతు తేల్చడానికి వేసిన కమిటీ 1911లో పెద్ద నివేదిక ఇచ్చింది. దాని కోసం వందల పిట్టలను కోసి చూసినవాడు ఎడ్వర్డ్ విల్సన్. నివేదిక వెలువడేనాటికి ఆయన అంటార్కిటికాలో ఉన్నాడు. మరుసటి ఏడాది ఆ యాత్ర నాయకుడు స్కాట్‌తో పాటు దక్షిణధ్రువం నుంచి తిరిగి వస్తూ మంచులోనే చనిపోయాడు. కమిటీ పట్టుకున్న దోషి వెంట్రుకంత సన్నని పేగు పురుగు. దాని గుడ్లు రెట్టతో బయటపడతాయి. వాటి నుంచి వెలువడిన లార్వాలు తేమ పట్టుకుని హెదర్ కొసలకు ఎక్కి, చివురుతో పాటు ఇంకో పిట్ట కడుపులోకి పోతాయి. పీటర్ హడ్సన్, ఆండీ డాబ్సన్, డేవ్ న్యూబోర్న్ ఉత్తర ఇంగ్లండ్ మూర్లలో పిట్టలకు మందు పట్టించి చూశారు. మందు పడ్డ చోట్ల రావాల్సిన పతనం తగ్గిపోయిందని 1998లో ప్రకటించారు.

అంతటితో వాదం ముగిసిందనుకుంటే పొరపాటు. స్కాట్లండ్‌లో పనిచేసిన రాబర్ట్ మాస్, ఆడమ్ వాట్సన్ పరంపర వాళ్లు వేరే దారి చూపించారు. శరదృతువులో మగ గ్రౌస్ హద్దుల కోసం కొట్లాడుకుంటాయి. ముసలి మగవాటికి టెస్టోస్టిరాన్ ఎక్కించి చూస్తే కొట్లాట పెరిగి, కుర్ర పిట్టలకు చోటు దొరక్క సంఖ్య పడిపోయిందని 2003లో తేల్చారు. నాకు తోచినంతలో రెండు బృందాలూ తమ తమ మూర్లలో నిజమే చూశారు. గేమ్‌కీపర్‌కు ఈ చర్చతో పని లేదు, చీకటి రాత్రి దీపం, పొడుగుకర్ర వల పట్టుకుని పిట్టలను పట్టి నోట్లో మందు పోసి వదిలే పని ఉంటుంది. అమావాస్య రాత్రుల్లో అయితేనే పిట్టలు కదలకుండా కూర్చుంటాయి.

ఈ గ్రౌస్ ప్రేమకు ఒక మచ్చ ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. 2004 నుంచి 2016 దాకా స్కాట్లండ్‌లో ఉపగ్రహ పరికరాలు కట్టి వదిలిన 131 గరుడ పిల్లల్లో 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయని 2017లో ఒక ప్రభుత్వ నివేదిక చూపించింది. ఆ మాయమైనచోట్లు చాలావరకు గ్రౌస్ మూర్ల చుట్టుపక్కలే గుంపుగా ఉన్నాయి. 2024లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టంతో గ్రౌస్ వేటకు లైసెన్సు తప్పనిసరైంది. దుప్పుల ఎస్టేట్లలో మాత్రం అదే గరుడపక్షికి చలికాలపు బువ్వ స్టాకర్ కొండ మీద వదిలిన పేగులే.

కొండ కుందేలు సంగతి వేరు. పగటి పొడవు తగ్గితే అది తెల్లబడుతుంది, మంచు పడినా పడకపోయినా. ఆడమ్ వాట్సన్ 1950ల నుంచి రాసిపెట్టిన లెక్కలతో కొత్త పరిశీలనలను పోల్చి చూస్తే, కుందేలు రంగు మారే కాలం జరగలేదు గానీ మంచు ఉండే రోజులు తగ్గిపోయాయి. గోధుమరంగు కొండ మీద తెల్లగా దొరికిపోయే రోజులు ఏడాదికి 35 పెరిగాయని 2020లో ప్రచురించారు. మామూలుగా ఇలాంటి చోట వేటాడే మృగాలు, తప్పు కాలంలో తెల్లబడ్డ కుందేళ్లను ఏరి తినేసి, ఈ తేడాకు దిద్దుబాటు చేస్తాయి. స్కాట్లండ్ మూర్లలో నక్కలను గేమ్‌కీపర్లే తగ్గించేస్తారు కాబట్టి ఆ దిద్దుబాటు జరగడం లేదేమో అని పరిశోధకులు అనుమానించారు.

ఫిబ్రవరి 15న పెంటి దుప్పుల మీది తుపాకులు లోపల పెట్టేస్తారు. పెంటి దుప్పుల కడుపులో పిల్లలు పెద్దవవుతున్నాయి, ఒంట్లో కొవ్వు అడుగంటింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పోతులు కొమ్ములు రాలుస్తాయి, పడిన కొమ్ములను ఇతర దుప్పులు కొరికి తింటాయి, కొండ గడ్డిలో దొరకని ఫాస్ఫరస్, కాల్షియం వాటిలో ఉన్నాయి. పొడి రోజు దొరికితే గేమ్‌కీపర్లు ముదిరిన హెదర్‌ను ముక్కలు ముక్కలుగా తగలబెడతారు. లేత చివుళ్లు గ్రౌస్ తినడానికి, పక్కనే వదిలేసిన పొడుగు పొద దాక్కోడానికి. కింద పీట్ నేలకు నిప్పంటుకుంటే వేల ఏళ్లుగా పేరుకున్న కర్బనం పోతుంది కాబట్టి, నేల తడిగా ఉండి పైన కొమ్మలు ఎండిన రోజు కోసం కాచుకుంటారు.

చలి ముగిసేలోగా దుప్పులను లెక్కపెట్టాలి. మంచు మిగిలి ఉండగా, కొన్నిచోట్ల హెలికాప్టర్లో, ఎక్కువ చోట్ల కాలినడకన, పొరుగు ఎస్టేట్ల వాళ్లంతా ఒకే రోజు కదులుతారు. లేకపోతే ఒకే మంద రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఆ అంకెలు పట్టుకుని ఎస్టేట్ల సంఘం ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటుంది. ఒకరికి పోతులు కావాలి. పక్కవాళ్లకు పైన్ చెట్లు కావాలి, 1995లో నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ అనే సంస్థ కొన్న మార్ లాడ్జ్ ఎస్టేటు లాగా దుప్పులను బాగా తగ్గించి, కంచె లేకుండానే మొలకలు లేచేలా చేయాలని వాళ్ల పట్టు. దుప్పి సరిహద్దు రాళ్లు చూడదు. చెట్ల ఎస్టేటులో కాల్చినది పోతుల ఎస్టేటు దుప్పి కావచ్చు. మా పోతులను మీరు కాలుస్తున్నారని ఒకరు, మీ పెంటి దుప్పులను మా మొక్కల మీదికి వదులుతున్నారని ఇంకొకరు. తెల్లవార్లూ వాదించినా చివరికి ఒక కాగితం మీద ఎవరికెన్ని అన్న అంకెలు పడాల్సిందే, అక్టోబరు 21 వచ్చేస్తుంది.